బుచ్చిరాములు ఇంగ్లీషు చదువు

శ్రీరాంపూర్ కాలనీలో ఎవరికైనా జబ్బు చేసిందంటే ఇరుగుపొరుగు మొదట అడిగేది ఎలా ఉందని కాదు, సర్వీసు ఇంకా ఎంత మిగిలిందని. బయటివాళ్ళకు ఇది రాతిగుండె మాటలా వినిపిస్తుంది. బొగ్గుబాయిని నమ్ముకుని బతికేవాళ్ళకు మాత్రం అందులో తప్పేమీ కనిపించదు. బాయి దిగే మనిషికి ఇక ఆ పని చేసే సత్తువ లేదని మెడికల్ బోర్డు తేల్చి, అన్‌ఫిట్ అని రాస్తే, అతని బిడ్డల్లో ఒకరికి ఉద్యోగం దొరుకుతుంది. రిటైర్మెంట్ దగ్గరపడ్డాక ఆ వీలు పోతుంది. అందుకే ఇక్కడ తండ్రి అన్‌ఫిట్ అయిన రోజు మిఠాయిలు పంచుతారు. నువ్వు బాగానే ఉన్నావు పొమ్మని బోర్డు వెనక్కి పంపిన రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

బుచ్చిరాములు ఆ కాలనీలో పాత కాపు. చొప్పదండి పక్క పల్లె నుంచి పెళ్ళయిన కొత్తలో వచ్చి, గంపా పారా పట్టుకుని బొగ్గు నింపే పనిలో చేరాడు. తర్వాత గని లోపల పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పనికి మారాడు. నోట్లో నాలుక లేని మనిషి. డ్యూటీకి పోయేవాడు, వచ్చేవాడు, పెట్టింది తినేవాడు. ఇద్దరి వంతు మాటలూ భార్య సరోజనే మాట్లాడేది. అబద్ధం చెప్పడం ఆయనకు ఎంతమాత్రం చేతకాదు. ఒకసారి చుట్టాల పెళ్ళికి పోవడానికి జ్వరమని చెప్పి సెలవు తెమ్మంటే, పోయి గని పని చూసే ఓవర్‌మన్ ముందు నిలబడి, "జ్వరమని చెప్పుమన్నది సార్ మా ఇంటామె" అన్నాడట. ఆ ముచ్చట చెప్పుకుని కాలనీ ఇప్పటికీ నవ్వుతుంది.

వాళ్ళకు ఒక్కతే కూతురు, భూమిక. బి.ఎడ్. చదివి, దగ్గరలోని ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెబుతోంది. సర్కారు టీచరు పరీక్ష రాస్తే అందినట్టే అంది చేజారింది. ప్రైవేటు బడి జీతం ఆమె చీరెలకూ ఆటోకూ చాలదు. సాయంత్రం క్వార్టర్ వసారాలో చాప పరిచి కాలనీ పిల్లలకు ట్యూషన్ చెప్పేది. తండ్రికి ఆ ఒక్క పిల్లే లోకం. ఆయన సర్వీసు కరిగిపోతోంది. ఇంకొన్నాళ్ళు ఆగితే వారసత్వపు ఉద్యోగం మాట మరిచిపోవలసిందే. ఆ ఇంట్లో అందరి గుండెల మీదా ఉన్న బరువు అదే.

ఒకనాడు ఫస్ట్ షిఫ్ట్ దిగి, స్నానం చేసి, ఉతికిన బనీను వేసుకుని వచ్చి, బుచ్చిరాములు పిల్లల వెనక చాప చివర కూర్చున్నాడు. పిల్లలు ఒకరినొకరు గిల్లుకుని నవ్వారు. తండ్రి ఊరికే గాలికి కూర్చున్నాడనుకుంది భూమిక. పిల్లలు వెళ్ళిపోయాక ఆయన గొంతు సవరించుకున్నాడు.

"నాకు గూడ జర ఇంగ్లీషు నేర్పుతవా బిడ్డా?"

"గిప్పుడు ఇంగ్లీషెందుకు బాపూ?"

"బోర్డు ముంగట చెప్పనీకి."

ఈ ఆలోచన వెనక అంతయ్య ఉన్నాడు. అంతయ్య రెండు క్వార్టర్ల అవతల ఉంటాడు. బోర్డుకు రెండుసార్లు పోయి, రెండుసార్లూ ఫిట్ అనిపించుకుని తిరిగొచ్చినవాడు. పెళ్ళి కానివాడే ఊరందరి సంబంధాలూ కుదిర్చినట్టు, బోర్డు విషయంలో కాలనీ మొత్తానికి ఆయనే గురువు. ఏమని దగ్గాలి, ఎక్కడ ఆగాలి, కుర్చీలోంచి ఎలా లేవాలి అన్నీ చెబుతాడు. "అందరు ఒక్కటే పాట పాడుతరు రాములు. దగ్గంటరు, దమ్మంటరు, నడుమంటరు. ఇని ఇని డాక్టర్ సార్ల చెవులు దిమ్మెక్కినయ్. తలకాయ గూడ ఎత్తరు" అన్నాడాయన. నోరులేని బుచ్చిరాములు దాన్ని పట్టుకుని కొన్నాళ్ళు లోలోపల నలగగొట్టుకున్నాడు. తెలుగులో చెబితే అందరి పాటే అనుకుంటారు. ఇంగ్లీషులో చెబితే తల ఎత్తుతారు. తల ఎత్తి తన మొహం చూస్తే చాలు, మిగతాది వాళ్ళకే తెలుస్తుంది. ఆయన లెక్క అది.

భూమిక నవ్వింది. అయినా కాదనలేదు. ఉద్యోగం మీద ఆమెకూ ఆశ ఉంది. పిల్లలకు చదువు చెప్పడం ఇష్టమే కానీ, ఇష్టం కూడు పెట్టదని ఆమెకు బాగా తెలుసు.

మరుసటి రోజు నుంచి చదువు మొదలైంది. పిల్లలకు అప్పుడు సింపుల్ ప్రెజెంట్ టెన్స్ జరుగుతోంది. మంచిదే అయిందనుకుంది ఆమె. రోగం చెప్పుకోవడానికి అంతకంటే ఏం కావాలి?

"రోజు జరిగేది, అలవాటైంది, ఎప్పటికి నిజమైంది దీంట్ల చెప్తం బాపూ. ఐ గెటప్ ఎట్ ఫైవ్. ఐ డ్రింక్ టీ. నువ్వు రోజు చేసేది ఒకటి చెప్పు."

బుచ్చిరాములు చాలాసేపు ఆలోచించాడు. "ఐ యామ్ గో డ్యూటీ" అన్నాడు.

పిల్లలు పకపకా నవ్వారు. ఐ యామ్ వద్దనీ, ఉత్త ఐ గో అంటే చాలనీ, డ్యూటీకి ముందు టు పెట్టాలనీ ఆమె విడమరిచి చెప్పింది. ఆయనకు ఆ యామ్ మీద ఏం మోజో కానీ, ఎన్నిసార్లు తీసేసినా మళ్ళీ వచ్చి కూర్చునేది. ఐ యామ్ డ్రింక్ టీ. ఐ యామ్ సిట్. వెనక బెంచీ పిల్లవాడిని కసిరినట్టే కసిరేది భూమిక. ఆయన తల వంచుకుని మళ్ళీ మొదలుపెట్టేవాడు. డ్యూటీకి పోతూ దారి పొడుగునా పెదవులు కదిలిస్తూ పోయేవాడు. సరోజన మాత్రం వంటింట్లోంచి ఒకటే ఎగతాళి. "మొగడు దొర అయితుండు. రేపటి సంది అన్నంల స్పూను వెయ్యాల్నేమో."

అలా నడవగా నడవగా యామ్ ఊడిపోయింది. పిల్లలు వెళ్ళాక తండ్రీ కూతుళ్ళు విడిగా కూర్చుని బోర్డు ముందు చెప్పవలసిన మాటలు కూర్చుకునేవారు. ఏం చెబుతావో తెలుగులో చెప్పు, నేను ఇంగ్లీషు చేస్తానంది ఆమె.

"పండుకుంటే దగ్గొస్తది. కూసుంటే జర నయం."

ఆమె చెప్పింది. ఆయన అన్నాడు. ఐ కాఫ్ ఎట్ నైట్. ఐ సిట్ అండ్ స్లీప్.

"కూసొని పండుకునుడు మంచిగున్నది బాపూ. ఎక్కడి నుంచి తెస్తవ్ గిసొంటియి?" అని ఆమె మెచ్చుకుంది.

"మెట్లెక్కితే నడుమనే ఆగుత."

ఐ స్టాప్ ఆన్ ద స్టెప్స్.

"ముద్ద మింగుడువడదు."

"ఆఁ. నిన్న చాపల కూర ఎవలు తిన్నరు?" భూమిక నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. ఆ చేపలకూర గిన్నె అడుగునే మిగిలి, పొద్దున పిల్లికి పోయిన సంగతి సరోజనకు తెలుసు. ఆమె కూడా దాన్ని బోర్డు కోసం పడుతున్న పాటు అనుకుంది. కడుపు మాడ్చుకుంటే మనిషి చిక్కుతాడు, చిక్కితే బోర్డుకు కనిపిస్తుంది. అంతయ్య చెప్పిన సూత్రాల్లో అదొకటి.

ఒక సాయంత్రం బుచ్చిరాములు మెల్లగా అడిగాడు. "నెత్తురును ఏమంటరు బిడ్డా?"

"బ్లడ్."

"దగ్గినప్పుడు నెత్తురు వడ్తది. గది ఎట్ల చెప్పాలె?"

భూమిక పెన్ను చేతిలో పట్టుకుని ఆలోచించింది. చెప్పడం కష్టమై కాదు. "గది వద్దు బాపూ" అన్నది. "దగ్గంటే నమ్ముతరు, దమ్మంటే నమ్ముతరు. నెత్తురంటే పరీక్షలు చేపిస్తరు. అబద్ధమని దొరికితే ఉన్నది గూడ పోతది."

బుచ్చిరాములు ఆమె మొహంలోకి చూశాడు. ఏదో అనబోయినట్టు పెదవి కదిలింది. మరి ఏమనుకున్నాడో, "సరే బిడ్డా, నువ్వు చెప్పినట్టె" అని, ముందు నేర్చుకున్నవే మళ్ళీ మొదటి నుంచి అప్పజెప్పాడు. ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పాడు. మంచి మార్కులు వచ్చినయని ఆమె ఆయన వీపు తట్టింది.

ఆ తర్వాత కాలనీ అంతా బుచ్చిరాములు నటనకు అబ్బురపడింది. సందు మలుపు దగ్గర గోడ పట్టుకుని నిలబడితే అరుగుల మీది వాళ్ళు శభాష్ అన్నారు. అంతయ్య అయితే దగ్గరికొచ్చి, "గట్లనే పట్టు రాములు, ఇగ ఇంటికాడ గూడ ఇడువకు" అని హెచ్చరించాడు. జ్వరమని ఒక్క అబద్ధం చెప్పలేక నవ్వులపాలైన మనిషి ఇంత గొప్పగా ఎలా నటిస్తున్నాడని ఒక్కరికీ అనుమానం రాలేదు. పైసా ఖర్చు లేని అనుమానం అది. అందరి కళ్ళూ ఉద్యోగం మీద ఉన్నప్పుడు మనిషి ఎవరికి కనిపిస్తాడు?

బోర్డు పిలుపు వచ్చింది. తండ్రిని తీసుకుని భూమికే వెళ్ళింది. పెద్ద దవాఖాన వరండా నిండా ఇలాంటి జంటలే. కొడుకుల భుజాల మీద వాలి తండ్రులు, తండ్రుల ఫైళ్ళు పట్టుకుని కొడుకులు. కొందరు తలుపు తెరుచుకున్నప్పుడల్లా మూలిగి, మూసుకున్నాక సెల్‌ఫోన్ చూసుకుంటున్నారు. బుచ్చిరాములు మాత్రం బెంచీ మీద నిటారుగా, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, పరీక్ష హాలు బయట కూర్చున్న పిల్లాడిలా తనలో తాను గొణుక్కుంటున్నాడు. "జర వంగి కూసో బాపూ" అని భూమిక చెవిలో చెప్పింది. వంగితే దమ్ము ఆడదన్నాడు. అది కూడా అప్పుడు ఆమెకు వినిపించలేదు.

ఎక్స్‌రే తీశారు. మరేదో పెద్ద మిషన్‌లో పడుకోబెట్టి ఇంకో ఫిల్మ్ తీశారు. చాలాసేపటికి లోపలికి పిలిచారు. నడవలేనివాళ్ళకు తోడు రానిస్తారు కాబట్టి భూమిక కూడా లోపలికి పోయింది. బల్ల వెనక ముగ్గురు డాక్టర్లు. బుచ్చిరాములు చేతులు జోడించి, "గుడ్ మార్నింగ్ సార్. ఐ కాఫ్ ఎట్ నైట్" అని మొదలుపెట్టాడు.

నడుమ కూర్చున్న పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. ఆయన చేతిలో ఫిల్మ్ ఉంది. దాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. పక్కాయనకు ఇచ్చాడు. అప్పుడు తల ఎత్తి బుచ్చిరాములు మొహం చూశాడు.

"దగ్గితే రక్తం ఎన్నాళ్ళ నుంచి పడుతోంది?" అని తెలుగులోనే అడిగాడు.

బుచ్చిరాములు పక్కకు తిరిగి భూమిక వైపు చూశాడు. చెప్పొచ్చా అని అడుగుతున్న చూపు.

"వానకాలం సంది సార్" అన్నాడాయన చివరికి.

"ఎక్కడైనా చూపించుకున్నారా? మందులు వాడారా?"

"లేదు సార్."

డాక్టరు కాగితం మీద రాసి, హైదరాబాద్ పెద్దాసుపత్రికి వెంటనే తీసుకుపొమ్మని భూమికతో చెప్పాడు. ఊపిరితిత్తిలో గడ్డ ఉందన్నాడు. ఆయన గొంతులో విసుగు లేదు, జాలి ఉంది. ఆ జాలికే ఆమెకు ఎక్కువ భయమేసింది.

బయట బెంచీ మీద తండ్రిని కూర్చోబెట్టి, ఆయన ముందు గొంతుకూర్చుంది.

"ఎందుకు చెప్పలే బాపూ?"

"చెప్పిన గద బిడ్డా. గది వద్దన్నవ్."

నిష్ఠూరంగా అనలేదు. అసలు నిష్ఠూరమాడటం ఆయనకు తెలియదు. జరిగింది జరిగినట్టు చెప్పాడంతే. అందుకే ఆ మాట కత్తిలా దిగింది. ఎవరైనా తిడితే ఎదురు చెప్పొచ్చు, ఏడ్చి సర్దుకోవచ్చు. దీనికి ఏం చెయ్యాలో భూమికకు తోచలేదు.

"నాకు చెప్పకున్నా, అమ్మకన్న చెప్పకపోతివి. కంపెనీ దవాఖానకన్న పోకపోతివి."

బుచ్చిరాములు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "పోతే మందులిస్తరు. మందులు తింటే తగ్గుతదేమోనని బుగులైంది. తగ్గినంక బోర్డుకు పోతే ఫిట్ అంటరు. ఇగ నీ నౌకరి యాడిది?" అని కాస్త ఆగి, "రాసిండా బిడ్డా సారు? అన్‌ఫిట్ అనే రాసిండా?" అని అడిగాడు.

రాశాడని తల ఊపింది. ఆయన మొహం విప్పారింది. కూతురు పుట్టిందని విన్న రోజు కూడా అంత సంతోషపడి ఉండడు. ఆ సంతోషం చూడలేక భూమిక ఆయన మోకాళ్ళలో తల దాచుకుని ఏడ్చింది. వరండాలోని వాళ్ళు, పాపం ఫిట్ అన్నట్టున్నారని ఆమె మీద జాలిపడ్డారు.

అన్‌ఫిట్ రాశారన్న కబురు మాత్రం దవాఖాన ఆఫీసు నుంచి వాళ్ళకంటే ముందే కాలనీకి చేరింది. ఇంటికి వచ్చేసరికి సరోజన లడ్డూలు తెప్పించి పళ్ళెంలో పేర్చి ఉంది. గుమ్మం ముందు ఎదురొచ్చి మొగుడికి దిష్టి తీసింది. గడ్డ సంగతి ఆ గుమ్మంలో ఎలా చెబుతుంది భూమిక? తర్వాత చెప్పుకోవచ్చని బుచ్చిరాములు కూతురి చెయ్యి నొక్కాడు. పది ఇళ్ళవాళ్ళు వచ్చారు. అంతయ్య లడ్డూ నోట్లో వేసుకుని, "గురువును మించినవ్ రాములు. ఒక్కటే దెబ్బకు పడగొట్టినవ్" అన్నాడు. బుచ్చిరాములు సిగ్గుపడి నవ్వాడు. లడ్డూ చివర తుంచి నాలుక మీద పెట్టుకుని, మిగతాది చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. అందరూ పోయాక సరోజనకు నిజం తెలిసింది. ఆమె పళ్ళెం కడిగి బోర్లించింది.

హైదరాబాద్ డాక్టర్లు, వానకాలంలోనే వచ్చి ఉంటే చూసేవాళ్ళమన్నారు. వాళ్ళు మంచిగానే చెప్పారు. కానీ భూమికకు అది శిక్ష చదివినట్టే ఉంది. చేయగలిగినవన్నీ చేశారు. చలి ముదిరేనాటికి బుచ్చిరాములు మంచానికి అతుక్కుపోయాడు. భూమిక బడి మానేసి ఆయన దగ్గరే ఉండిపోయింది. వసారా ట్యూషన్ కూడా ఆపేసింది. పిల్లలు వచ్చి తలుపు దగ్గర నిలబడి వెళ్ళిపోయేవారు.

"పోరగాండ్లకు చెప్తలేవా?" అని ఒకనాడు అడిగాడాయన.

"చెప్పబుద్ధి అయితలేదు బాపూ."

"చెప్పాలె. మంచిగ చెప్తవ్ నువ్వు. నా అసొంటోనికే వచ్చింది." అంత మాట్లాడినందుకే ఆయాసం వచ్చి కళ్ళు మూసుకున్నాడు. ఆమె వీపు నిమురుతూ కూర్చుంది. తన నోటితో తను వద్దన్న ఆ ఒక్క మాటను వెనక్కి తీసుకోగలిగితే ఉద్యోగం, చదువు, ఏదైనా ఇచ్చేసేది. అడిగేవాళ్ళు ఎవరున్నారు?

శివరాత్రికి ముందు బుచ్చిరాములు పోయాడు. కాలనీకి కాలనీ కదిలొచ్చింది. అంతయ్య పాడె మోశాడు. ఎవరి వైపూ చూడకుండా మోశాడు. దినాలు అయిపోయాక భూమికకు కంపెనీ ఉత్తర్వు వచ్చింది. వద్దంటానంది ఆమె. సరోజన ఒక్కటే అన్నది. "వద్దంటే ఆయన ఏం తీస్కొని పోయినట్టు? ఉత్తగనే పోయినట్టా?"

చేరే రోజు ఆఫీసు ముందు కొత్తవాళ్ళంతా వరుసగా నిలబడ్డారు. అందరూ అన్‌ఫిట్ అయిన తండ్రుల పిల్లలే. కొత్త బట్టలు వేసుకుని, బొట్టు పెట్టుకుని, పెళ్ళివారిలా ఉన్నారు. భూమిక వెనక నస్పూర్ అబ్బాయి ఒకడు నిలబడ్డాడు. పేరు ప్రణయ్ అని చెప్పాడు. వాడి తండ్రి మూడోసారికి అన్‌ఫిట్ అయ్యాడట. ఇంటి దగ్గర మేకలు కాసుకుంటూ దిలాసాగా ఉన్నాడట. వాడు అటూ ఇటూ చూసి కాస్త ముందుకు జరిగాడు.

"అక్కా, మీ బాపుది ఒక్కపాలికే అయిందట గద. ఇంగ్లీషుల చెప్పిండట. మా పెదబాపు వచ్చే నెల పోతుండు. ఏమేం చెప్పిచ్చిన్రో జర చెప్పరాదు, ఆయనకు నేర్పుత."

భూమిక వాడి వైపు తిరిగింది. వాడి మొహంలో కల్మషం లేదు. తన ఇంటి మనిషికి మేలు చేయాలన్న ఆత్రం తప్ప ఏమీ లేదు.

"చెప్పిచ్చుడు ఏం లేదు తమ్మీ. మా బాపుకు నిజంగనే బీమారి ఉండె."

వాడు తెలిసినవాడిలా నవ్వాడు. "ఔనక్కా. మేం గూడ గట్లనే అంటం."

"నిజం తమ్మీ. నిజంగనే ఉండె." బాపు పోయాడన్న మాట అనడం ఆమెకు ఇంకా చేతకాదు. ఎలా చెబితే నమ్ముతాడో తెలియలేదు.

ప్రణయ్ నవ్వు ఆపాడు. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి, భయపడిందనుకున్నాడు. దగ్గరికి జరిగి, ధైర్యం చెబుతున్నట్టు మెల్లగా అన్నాడు.

"ఫికర్ చెయ్యకు అక్కా. నేనెవ్వరికి చెప్ప."

లోపలి నుంచి ఆమె పేరు పిలిచారు.